దారిబత్తెం ఇచ్చినవారిదేనా నోటుపుస్తకం?

ఒక జాతి చరిత్ర రాయాలంటే ఎవరో ఒకరు నడవాలి. గూడెం గూడెం తిరగాలి, ముసలివాళ్ల దగ్గర కూర్చోవాలి, విన్నది రాసుకోవాలి, రాసుకున్నది వాళ్లకే చదివి వినిపించి సరిచూసుకోవాలి. దీనికి బస్సు చార్జీ కావాలి, రాత్రి తిండి కావాలి, కాగితం కావాలి. వీటన్నిటికంటే ముందు నాలుగు రోజులు కూలికో ఉద్యోగానికో పోకుండా ఉండగలగాలి. పుస్తకం అచ్చయ్యాక అట్ట మీద రచయిత పేరు ఉంటుంది. దారిబత్తెం ఇచ్చినవారి పేరు ముందుమాటలో ఒక వాక్యంలో ఉంటుంది. కథ చెప్పిన ముసలాయన పేరు చాలాసార్లు ఎక్కడా ఉండదు.

ముందుమాటలోని ఆ ఒక్క వాక్యాన్ని మన యువతీయువకులు, తోటి ఉపాధ్యాయులు శ్రద్ధగా చదవాలని మా కోరిక. ఎందుకంటే డబ్బు ఇచ్చిన చోటే ఏ ప్రశ్న అడగాలో నిర్ణయమవుతుంది. రాసిన నోటుపుస్తకం చివరికి ఏ బీరువాలో చేరాలో కూడా అక్కడే నిర్ణయమవుతుంది. ఈ సంగతి అర్థం కావడానికి ఒక పాత పండిత సంఘం కథ చెబుతాం. అది మన దేశానిది కాదు, అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరానిది. పేరు అమెరికన్ ఫిలసాఫికల్ సొసైటీ. ఆ దేశపు ఆదివాసుల భాషల మీద, చరిత్ర మీద చాలాకాలంగా డబ్బు ఖర్చు పెడుతున్న సంఘం కాబట్టి దాని లెక్కల్లో మనకు పనికివచ్చే పాఠాలు ఉన్నాయి.

ఒక వెండి నాణెంతో మొదలు

1743లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఒక చిన్న ప్రతిపాదన అచ్చువేసి పంచాడు. వేర్వేరు వలసల్లో ఉన్న చదువరులు ఒక సంఘంగా ఏర్పడి, తాము కనుగొన్నవి ఉత్తరాల ద్వారా ఒకరికొకరు తెలుపుకోవాలన్నది దాని సారం. డబ్బు సంగతి కూడా అందులోనే రాశాడు. ప్రతి సభ్యుడు ఏడాదికి ఒక స్పానిష్ వెండి నాణెం కోశాధికారికి పంపాలి. అలా పోగైన ఉమ్మడి సొమ్మును, అందుబాటులో ఉన్న సభ్యుల్లో ఎక్కువమంది ఒప్పుకుంటే, ప్రయోగాలు చేసేవారికి అధ్యక్షుడు ఇవ్వాలి. సభ్యుల ఉత్తరాలకు తపాలా ఖర్చు ఉండకూడదు. ఫ్రాంక్లిన్ అప్పటికే ఫిలడెల్ఫియా పోస్టుమాస్టరు కాబట్టి ఈ ఆలోచన అతనికి రావడం సహజమే.

ఇంత సాదాగా మొదలైంది. మన పొదుపు సంఘాల్లో అక్కచెల్లెళ్లు చేసేదీ ఇదే: తలా కొంత వేయడం, అందరూ ఒప్పుకున్నాక అవసరమైనవారికి ఇవ్వడం.

అయితే ఈ సంఘం పుట్టిన నేల ఎవరిది? లెనాపే అనే ఆదివాసులది. ఫ్రాంక్లిన్ ప్రతిపాదనకు ఆరేళ్ల ముందే, 1737లో, పెన్సిల్వేనియా పాలకులు ఒక పాత కాగితాన్ని చూపించారు. మనిషి ఒకటిన్నర రోజులో నడవగలిగినంత భూమి తమకు రావాలన్నారు. నడవడానికి బదులు వేగంగా పరుగెత్తేవారిని కుదుర్చుకుని, ముందే బాట నరికించి, లెనాపేల భూమిని విస్తారంగా కలుపుకున్నారు. ఏజెన్సీలో కాగితాల పేరుతో భూములు పోయిన కథలు విన్న మనకు దీన్ని వేరే వివరించనక్కర్లేదు. జ్ఞానం కోసం సంఘం పెట్టడం, ఆ పక్కనే నేల పోగొట్టుకున్న జనం పడమరకు నెట్టబడడం ఒకే కాలంలో, ఒకే చోట జరిగాయి.

చందాల పట్టీ

1769లో శుక్రగ్రహం సూర్యుడి ముందు నుంచి దాటిపోయే దృశ్యాన్ని ఈ సంఘం మూడు చోట్ల నుంచి పరిశీలించింది. దూరదర్శిని కొనడానికి పెన్సిల్వేనియా శాసనసభ 100 పౌండ్లు మంజూరు చేసింది. సభ్యుల నాణేలు చాలనప్పుడు ప్రభుత్వాన్ని అడగడం అప్పుడే మొదలైంది.

1793లో మరో పద్ధతి వచ్చింది. ఆంద్రే మిషో అనే ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు పడమటి సముద్రం దాకా ప్రయాణం చేస్తానన్నాడు. సంఘం చందాల పట్టీ తెరిచింది. అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ 25 డాలర్లు రాశాడు. థామస్ జెఫర్సన్, అలెగ్జాండర్ హామిల్టన్ చెరి పన్నెండున్నర డాలర్లు రాశారు. సంఘం తరఫున మిషోకు ఇచ్చిన సూచనలను జెఫర్సన్ రాశాడు. నదులు, కొండలు, మొక్కలు, జంతువులతో పాటు దారిలో కనిపించే జనాల పేర్లు, సంఖ్య, నివాసాలు, భాషలు, అలవాట్లు, వ్యాపారం అన్నీ తెలుసుకుని రావాలని అందులో ఉంది. మిషో రాజకీయ వ్యవహారాల్లో చిక్కుకోవడంతో ఆ యాత్ర కెంటకీ దాటలేదు. పదేళ్ల తర్వాత ఇటువంటి సూచనలతోనే, ఈసారి ప్రభుత్వ ఖర్చుతో, లూయిస్, క్లార్కులు బయలుదేరారు. వారి దినచర్య పుస్తకాలు తర్వాత ఈ సంఘానికే చేరాయి.

ఈ సూచనల పత్రాన్ని మనవైపు నుంచి చూద్దాం. చందా వేసినవారికి ఏది కావాలో అందులో వరుసగా ఉంది. ఆ నదుల ఒడ్డున బతికే జనానికి ఏది తెలుసుకోవాలని ఉందో అడిగే వరుస లేదు. వాళ్లు ఆ పట్టీలో ప్రశ్నకు వస్తువులుగా ఉన్నారు, ప్రశ్న వేసేవారిగా లేరు.

పెట్టెలో మాటలు

జెఫర్సన్ ముప్పై ఏళ్లపాటు ఆదివాసీ భాషల మాటలు సేకరించాడు. నిప్పు, నీళ్లు, అమ్మ, నాన్న వంటి మాటల పట్టికను అచ్చువేయించి, ఆయా ప్రాంతాలకు వెళ్లేవారికి ఇచ్చి నింపించేవాడు. 1809లో పదవి వదిలి ఇంటికి వెళ్తున్నప్పుడు ఆ కాగితాల పెట్టెను పడవలో పంపాడు. దారిలో ఒక దొంగ విలువైన సొత్తు ఉందనుకుని పెట్టెను ఎత్తుకుపోయాడు. తెరిచి చూస్తే కాగితాలు. వాటిని జేమ్స్ నదిలో పారేశాడు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన కొన్ని బురద కాగితాలను జెఫర్సన్ ఈ సంఘానికి ఇచ్చాడు.

ముప్పై ఏళ్ల పనికి ఒకే ప్రతి ఉంది, అది కూడా ఒకే మనిషి దగ్గర. పట్టికలకు మాటలు చెప్పిన ఊళ్లలో నకలు ఉండి ఉంటే దొంగ చేసిన నష్టం అంత పెద్దది అయ్యేది కాదు.

1815లో సంఘం చరిత్ర, సాహిత్యాల కోసం ఒక ఉపసంఘం పెట్టింది. దాని కార్యదర్శి పీటర్ డ్యూపోన్సో, లెనాపేల మధ్య చాలాకాలం గడిపిన మతబోధకుడు హెక్‌వెల్డర్‌తో ఉత్తరాలు నడిపాడు. మరో మతబోధకుడు జైస్‌బర్గర్ రాసిన లెనాపే వ్యాకరణాన్ని ఇంగ్లీషులోకి మార్చాడు. సంఘం దాన్ని అచ్చువేసింది. అప్పటికి లెనాపేలు ఫిలడెల్ఫియా చుట్టుపక్కల నుంచి ఎప్పుడో కదిలిపోయారు. నేల చేతులు మారింది. భాష అచ్చుకాగితాల మీద ఆ నగరంలోనే ఉండిపోయింది.

వడ్డీతో నడిచే పరిశోధన

1931లో పెన్‌రోజ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు చనిపోతూ ఈ సంఘానికి దాదాపు 40 లక్షల డాలర్లు రాసిపెట్టాడు. దీనితో సంఘం దశ మారింది. అసలును కదపకుండా దాని మీద వచ్చే రాబడిని ఖర్చు పెట్టడం ఇలాంటి నిధుల పద్ధతి. మన పెద్దలు విత్తనపు గాదెను ముట్టకుండా తిండిగింజలను వేరే వాడినట్టు. 1933 నుంచి సంఘం పరిశోధకులకు చిన్న చిన్న గ్రాంట్లు ఇస్తూ వస్తోంది. తీసుకునేవారు సంఘ సభ్యులే కానక్కర్లేదు.

పద్ధతి ఇలా ఉంటుంది. పరిశోధకుడు ఏ ప్రశ్న మీద, ఎక్కడికి, ఎన్నాళ్లు వెళ్తాడో రాస్తాడు. ఖర్చు అంచనా జత చేస్తాడు. అతని పని తెలిసినవారు ఉత్తరాలు రాస్తారు. ఒక కమిటీ అన్నీ చదివి నిర్ణయిస్తుంది. పని ముగిశాక నివేదిక ఇవ్వాలి. ఫ్రాంక్లిన్ పేరు మీద ఉన్న గ్రాంటు గ్రంథాలయాలకు, పాత పత్రాల భాండాగారాలకు వెళ్లే ప్రయాణానికి, క్షేత్ర పరిశోధనకు అయ్యే ఖర్చు ఇస్తుంది. సభలకు, సమావేశాలకు వెళ్లడానికి ఇవ్వదు. కంప్యూటర్, కెమెరా వంటి వస్తువులు కొనడానికీ ఇవ్వదు. శిక్షణకు వెళ్లి టీఏ బిల్లు రాసిన మన ఉపాధ్యాయులకు ఈ 'ఇస్తారు, ఇవ్వరు' జాబితాలు కొత్త కాదు.

అమెరికా ఆదివాసుల భాషలకు, చరిత్రకు ప్రత్యేకంగా ఫిలిప్స్ నిధి ఉంది. ఇటీవలి కాలంలో దీని కింద ఒకరికి గరిష్ఠంగా 3,500 డాలర్లు ఇస్తున్నారు. ముఖ్యంగా డాక్టరేటు చేస్తున్నవారిని, ఈమధ్యే చేసినవారిని దృష్టిలో పెట్టుకున్న నిధి ఇది. ప్రయాణానికి, టేపులకు, భాష చెప్పేవారికి ఇచ్చే రుసుముకు ఖర్చు చేయవచ్చు. భాష చెప్పే ముసలామెకు ఇచ్చే డబ్బును న్యాయమైన ఖర్చుగా నిబంధనలోనే రాయడం మంచి విషయం. సేకరించిన టేపులు, రాతల నకళ్లు సంఘం గ్రంథాలయానికి ఇవ్వాలి.

అదే నిబంధనల్లో మరొక మాట ఉంది: బోధనా సామగ్రి తయారీకి ఈ నిధి వర్తించదు. ఒక భాష మీద పరిశోధనకు డబ్బు ఉంది. ఆ భాష మాట్లాడే పిల్లలకు వాచకం తయారు చేయడానికి ఆ నిధిలో లేదు. ప్రతి నిధికీ ఒక హద్దు ఉండడం సహజమే, దాన్ని తప్పుపట్టలేం. కానీ బడిలో నల్లబల్ల ముందు నిలబడే మాలాంటివాళ్లకు ఆ హద్దు ఎక్కడ గీశారో వెంటనే కనిపిస్తుంది.

ఎల్లా డెలోరియా లెక్క

ఈ కథలో మన ఉపాధ్యాయులు తప్పక తెలుసుకోవలసిన మనిషి ఎల్లా డెలోరియా. 1889లో దక్షిణ డకోటాలోని యాంక్టన్ రిజర్వేషన్‌లో పుట్టింది. డకోటా ఆమె సొంత భాష. న్యూయార్క్‌లో టీచర్స్ కాలేజీలో చదివి, బడిపంతులమ్మగా పనిచేసింది. ఫ్రాంజ్ బోయాస్ అనే పేరుపొందిన మానవశాస్త్రజ్ఞుడు ఆమె చదువుకునే రోజుల్లోనే డకోటా రాతలు అనువదించే పని ఇచ్చాడు. 1927 తర్వాత ఆయన చనిపోయేదాకా ఆయనతో కలిసి పనిచేసింది. 1932లో ఆమె 'డకోటా టెక్స్ట్స్' వచ్చింది. 1941లో ఇద్దరి పేర్లతో 'డకోటా గ్రామర్' వచ్చింది. ఆమెకు డాక్టరేటు లేదు. పరిశోధనలో ఎక్కువకాలం స్థిరమైన జీతమూ లేదు. ఒక గ్రాంటు ముగిసి మరొకటి వచ్చేదాకా ఎదురుచూస్తూ, కుటుంబాన్ని పోషిస్తూ పనిచేసింది. ఆమెకు గ్రాంటు ఇచ్చిన సంస్థల్లో అమెరికన్ ఫిలసాఫికల్ సొసైటీ కూడా ఉంది.

ఖర్చుల గురించి బోయాస్‌కు ఆమె 1932లో రాసిన ఉత్తరం ఒకటి ఉంది. అందులోని విషయాన్ని మా మాటల్లో చెబుతాం. పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లేటప్పుడు మాంసమో మరో తిండివస్తువో తీసుకుపోవాలి. వాళ్లతో కూర్చుని తినాలి, వరుస పెట్టి పిలవాలి. అప్పుడే వాళ్లు మనసు విప్పుతారు. అలా చేయకుండా నేరుగా ప్రశ్నలు మొదలుపెడితే ఆ క్షణమే తాను డకోటా మనిషి కాకుండా పోతుంది, బయటివాళ్లలో ఒకతె అవుతుంది.

ఈ ఖర్చును ఏ పద్దు కింద రాయాలి? రైలు చార్జీకి పద్దు ఉంటుంది, కాగితాలకు పద్దు ఉంటుంది. పెద్దమ్మ ఇంటికి తీసుకెళ్లిన మాంసానికి పద్దు ఉండదు. బయటి పరిశోధకుడు గంటకు ఇంత అని ఇచ్చి లేచిపోతే లెక్క తేలిపోతుంది. సొంత మనిషి వెళ్తే వరుస ఉంటుంది, వరుస వెంట మర్యాద ఉంటుంది, మర్యాదకు ఖర్చు ఉంటుంది. ఆ ఇంట్లో జబ్బుపడినవాళ్లుంటే ఆగాలి, చావు జరిగితే పని మానుకుని కూర్చోవాలి. మన గూడేల్లోనూ ఇంతే కదా! ఒట్టి చేతులతో పోయి మామను కథ చెప్పమని అడిగితే మంచిదనిపించదు. సొంత జాతి మనిషి చేసే పరిశోధనకు ఖర్చు తక్కువ అవుతుందని నిధులిచ్చేవారు అనుకుంటారు. ఎల్లా లెక్క చూస్తే ఆ అంచనా తప్పని తెలుస్తుంది. ఆ ఖర్చు వేరే రకం, అది రసీదుకు దొరకదు.

డకోటాల జీవితం మీద తన జ్ఞానమంతా పెట్టి ఆమె రాసిన 'వాటర్‌లిలీ' నవల ఆమె బతికుండగా అచ్చు కాలేదు. 1971లో ఆమె చనిపోయింది, 1988లో అది వెలుగు చూసింది.

మాటలు తిరిగి వెళ్లడం

1927 నుంచి పదేళ్లపాటు ఆదివాసీ భాషల పరిశోధనకు ఒక కమిటీ పనిచేసింది. బోయాస్ అధ్యక్షుడు. ఎడ్వర్డ్ సపీర్, లియొనార్డ్ బ్లూమ్‌ఫీల్డ్ అందులో ఉన్నారు. ఆ కమిటీ డబ్బుతో నిండిన నోటుపుస్తకాలు 1945లో ఫిలడెల్ఫియా సంఘానికి చేరాయి. అక్కడ అవి భద్రంగా ఉన్నాయి, చెదలు పట్టలేదు, నదిలో పడలేదు. కానీ ఆ మాటలు చెప్పినవారి మనవళ్లు వాటిని చూడాలంటే ఎంతో దూరం ప్రయాణం చేయాలి. ఆ ప్రయాణానికి మళ్లీ దారిబత్తెం కావాలి.

మెయిన్ రాష్ట్రంలోని పెనాబ్‌స్కాట్ ఆదివాసులది ఇలాంటి కథే. ఫ్రాంక్ సీబర్ట్ అనే వైద్యుడు జీవితమంతా వారి భాషను రాసి నిఘంటువు తయారు చేశాడు. 1998లో ఆయన చనిపోయాక ఆ కాగితాలు ఫిలడెల్ఫియా చేరాయి. నిఘంటువును పూర్తిచేసే పనిలో తర్వాత సంఘం, విశ్వవిద్యాలయం, పెనాబ్‌స్కాట్ జాతి కలిసి కూర్చోవలసి వచ్చింది. తమ భాష నిఘంటువు మీద హక్కు ఎవరిదనే ప్రశ్న ఆ జాతి ముందు నిలిచింది.

ఇటీవలి కాలంలో మార్పు వచ్చింది. టేపుల్లోని పాత గొంతులకు డిజిటల్ ప్రతులు చేసి ఆయా జాతులకు పంపడం మొదలైంది. 2014లో సంఘం ఆదివాసీ సామగ్రి విషయంలో పాటించవలసిన నియమాలు ప్రకటించింది. పూజకు, ఆచారానికి సంబంధించిన వాటికి నకళ్లు ఇచ్చే ముందు ఆ జాతివారిని అడగాలన్నది వాటి సారం. ఆదివాసీ సమాజాల నుంచి వచ్చేవారికి కూడా ఫెలోషిప్‌లు ఇస్తున్నారు. చందాల పట్టీ తెరిచిన రోజు నుంచి ఇక్కడికి రావడానికి రెండు వందల ఇరవై ఏళ్లు పట్టింది.

మన కొండలకు వచ్చిన దారి

ఆ కమిటీలోని సపీర్ దగ్గర నేర్చుకున్న ఎమెనో 1935లో మన దేశం వచ్చాడు. నీలగిరుల్లో తోడా, కోటా భాషలు రాసుకున్నాడు. కోలామీ భాష మీద ఆయన పుస్తకం 1955లో అమెరికాలో అచ్చయింది. ఆదిలాబాద్ కొండల్లో కోలాం పిల్లలు ఇంట్లో మాట్లాడే భాష అది. 1957లో ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం నుంచే డాక్టరేటు పొందిన భద్రిరాజు కృష్ణమూర్తి, కొండదొరల కూబి భాష మీద గ్రంథం రాశారు. 1969లో హైదరాబాదులోని గిరిజన సాంస్కృతిక పరిశోధన, శిక్షణ సంస్థ దాన్ని ప్రచురించింది.

మన చరిత్రలో దారిబత్తెం ఇచ్చినవారి తీరు ఒకే రకంగా లేదు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగిన తర్వాత, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వానికి తోచింది. హైమండార్ఫ్‌ను పంపింది. తుపాకులు పంపిన ఖజానాయే పరిశోధకుడినీ పంపింది. అయినా ఆ పని నుంచే మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం వచ్చింది, గోండి వాచకాలు వచ్చాయి.

గిడుగు రామమూర్తి గారిది మరో దారి. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ, సొంత ఖర్చుతో సవర భాష నేర్చుకుని సవర పుస్తకాలు రాశారు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ డబ్బుతో సవర పిల్లలకు బడి పెట్టమన్నారని చెబుతారు. ఫిలిప్స్ నిధి ఏ పద్దును బయట పెట్టిందో, ఆ పద్దుకే ఆయన డబ్బు మళ్లించమన్నారు.

గుంజాల గ్రామంలో గోండి లిపి చేతిరాతలు ఏ గ్రాంటూ లేకుండానే ఇళ్లలో తరతరాలు నిలిచాయి. విశ్వవిద్యాలయంవారు వచ్చాక లోకానికి తెలిశాయి. 2018లో ఆ లిపి యూనికోడ్‌లో చేరింది.

మన దగ్గరున్న పద్ధతి

జ్ఞానానికి ఖర్చు పెట్టడం మనకు కొత్త కాదు. ప్రధాన్ కిక్రి పట్టుకుని గోండు వంశాల కథలు పాడతాడు. ఆ వంశంవారు అతనికి ధాన్యమో, పశువో, బట్టో ఇస్తారు. ఖర్చు పెట్టేవారు, వినేవారు, ఆ కథ ఎవరిదో వారు అందరూ ఒకే పందిరి కింద ఉంటారు. పాడినది ఎక్కడికో పోయి బీరువాలో పడదు. ఈ పద్ధతి ఇప్పుడు బలహీనపడుతోంది. ప్రధాన్ కొడుకు కిక్రి పక్కనపెట్టి పనికోసం పట్నం పోతే తప్పుపట్టేవారెవరు?

అందుకని ఒక చిన్న లెక్క మీ ముందు పెడుతున్నాం. ముప్పై మంది ఉపాధ్యాయులు నెలకు 50 రూపాయలు వేస్తే ఏడాదికి 18,000 అవుతాయి. ఒక్కో ప్రయాణానికి 3,000 చొప్పున ఏడాదికి ఆరుగురు యువకులను పంపవచ్చు. ఫ్రాంక్లిన్ వెండి నాణెం కంటే ఇది గొప్ప మొత్తమేమీ కాదు. నియమాలు మాత్రం మొదటిరోజే రాసుకోవాలి. ఖర్చు పట్టీలో మొదటి వరుస కథ చెప్పే పెద్దలది కావాలి, వారింటికి తీసుకెళ్లే బియ్యం, పప్పు అందులోనే రావాలి, దానికి రసీదు అడగకూడదు. రాసినదానికి మూడు ప్రతులు ఉండాలి: ఒకటి చెప్పినవారి ఇంట్లో, ఒకటి ఊరి బడిలో, ఒకటి సంఘం దగ్గర. పెన్ పూజలకు సంబంధించినవి రికార్డు చేసే ముందు కటోడాను, పెద్దలను అడగాలి, వద్దంటే మానుకోవాలి. పిల్లల వాచకానికి డబ్బు ఉండాలి. ఏడాది చివర జమాఖర్చులు గూడెంలో అందరి ముందు చదవాలి.

బయటి గ్రాంట్లు వద్దని మేము అనడం లేదు. మన పిల్లలు వాటికి దరఖాస్తు చేయాలి, తెచ్చుకోవాలి, దూరదేశాల భాండాగారాల్లో మన మాటలు ఎక్కడున్నాయో వెతకాలి. దరఖాస్తు మీద సంతకం పెట్టే ముందు మూడు విషయాలు చదవాలి: ఏ ఖర్చు ఇస్తారు, ఏది ఇవ్వరు, నకలు ఎవరికి చేరుతుంది. మూడో జవాబులో మన ఊరి పేరు లేకపోతే, దాన్ని చేర్చమని అడగాలి.